రేపు రా అని రాసిన పలక

మా వైపు ఒక అలవాటు ఉంది. మిట్టమధ్యాహ్నం గానీ, పొద్దుగుంకిన తర్వాత గానీ వాకిట్లోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు. రెండో పిలుపుకూ పలకకూడదు. మూడోసారి పిలిస్తే అప్పుడు "ఆఁ" అనాలి. ఆ వేళల్లో తిరిగేవాటికి రెండుసార్లకు మించి పిలిచే శక్తి ఉండదట. మూడోసారి పిలిచేది మనిషేనట. చిన్నప్పుడు అమ్మ ఇది నాకూ అక్కకూ నేర్పింది. అక్క బుద్ధిగా నేర్చుకుంది. నేను మాత్రం మొదటి పిలుపుకే "ఏందీ?" అని అరిచేదాన్ని. "నిన్ను దయ్యాలు గూడా తీసకపోవు లేవే, నీ నోటికి జడిసి" అనేది అమ్మ.

మాది మార్కాపురం. నాయన మా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించే పనికి పోయి మా ఇద్దర్నీ పెంచింది. ఆ పని మానేసి చాలా ఏళ్లయినా ఆమె వేళ్ల సందుల్లో బూడిదరంగు ఇంకా పోలేదు. అక్క ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలు, కరపత్రాలు, కర్మ కార్డులు టైపు చేసి ఇచ్చేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, "ఊళ్లో అందరి పెండ్లిండ్లూ నా చేతిమీదనే అయితాండయి గదా, ఇంకేం కావాల" అనేది.

ప్రూఫు చూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు టైపు చేసినదాన్ని సరిచూసుకుంటూ పోవాలి. అక్కకు ఆ ఇంకొకరు లేరు. నేను అప్పట్లో గిద్దలూరులో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున రైలెక్కితే మళ్లీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే. అమ్మకు గుణింతాలు దాటి చదువు లేదు. అందుకని అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. రాతప్రతిని తానే మైకులో చదివి రికార్డు చేసుకునేది. తర్వాత ఆ గొంతు వింటూ తెర మీద అక్షరం అక్షరం సరిచూసుకునేది. కామాలూ చుక్కలూ కూడా గొంతుతోనే చెప్పేది. "మా జ్యేష్ఠ పుత్రుని వివాహ మహోత్సవమునకు, కామా, తామెల్లరు సకుటుంబముగా విచ్చేసి, కామా, కొత్త లైను" అని అలా సాగిపోయేది. వినేవాళ్లకు నవ్వొచ్చేది గానీ ఆమె చేసిన కార్డులో ఒక్క తప్పు చూపించినవాడు లేడు.

అక్క మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆమె పెద్దకర్మ కార్డు నేనే టైపు చేశాను. చదివి వినిపించే మనిషి లేక నాయన పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది, అది అలాగే అచ్చయింది. ఆ ఒత్తు నాకు ఇప్పటికీ కంట్లో నలుసే. తర్వాత నేను బడి ఉద్యోగం మానేసి ఆ కుర్చీలో కూర్చున్నాను. అమ్మను ఒంటరిగా వదలలేక అని అందరికీ చెప్పాను. నిజానికి ఆ ముందుగదికి తాళం వేయడం నా వల్ల కాలేదు.

పాత కార్డు మళ్లీ కావాలని ఎవరో వస్తే, అక్క ఫైళ్లలో వెతుకుతూ ఒకరోజు పొరపాటున ఒక రికార్డు మీద నొక్కాను. అక్క గొంతు ఒక్కసారిగా గదంతా నిండింది. వంటింట్లో ఏదో గిన్నె కిందపడిన చప్పుడు. అమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఏడవలేదు. "ఇంగొకటి పెట్టు" అంది. అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక, వీధంతా ఎండకు తలుపులు మూసుకుని మాటు మణిగాక, అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని ఒకటి వినేది. నేను పనిలో ఉంటే విసుక్కుంటానని తానే మౌసు పట్టుకోవడం కూడా నేర్చుకుంది.

వాటిలో నూట పద్నాలుగో నంబరు ఒకటుంది. ఎవరిదో కర్మ కార్డు. అక్క చదువుతూ చదువుతూ, "కావున తాము విచ్చేసి, కామా" అన్నాక కుర్చీ కిర్రుమంటుంది. "ఎవురూ?" అంటుంది అక్క. తర్వాత నిశ్శబ్దం. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ వచ్చిన మనిషి గొంతు మైకుకు అందలేదు. మళ్లీ అక్కే, "రేపు రాండి. రేపటికి అయిపోతాది" అంటుంది. వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె చెప్పే మాటే అది. ఆ తర్వాత కార్డు మిగతాది చదివేస్తుంది.

అమ్మ వారం తిరక్కుండానే మిగతావన్నీ వదిలేసి ఆ ఒక్కటే వినడం మొదలుపెట్టింది. అక్క "ఎవురూ?" అనగానే, ఆ నిశ్శబ్దంలో సరిగ్గా పట్టేలా, "నేనేనమ్మా" అనేది. "రేపు రాండి" అనేది అక్క. "సరే తల్లీ" అని లేచిపోయేది. మర్నాడు మళ్లీ వచ్చేది. రమ్మంది గదా మరి. మాన్పించాలని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ అక్క పోయాక అమ్మ కడుపునిండా అన్నం తింటున్నది ఆ మధ్యాహ్నాలే. నేను నోరు మూసుకున్నాను, నా జన్మలో చాలా అరుదుగా చేసిన పని.

ఏడాది కాలేదు, ఇంకో పిలుపు మొదలైంది. ఒక మిట్టమధ్యాహ్నం నేనొక శుభలేఖకు పూలతీగ అంచు అమరుస్తుంటే తెరంతా నీలంగా మారిపోయింది. మధ్యలో ఇంగ్లీషులో అక్క పేరు. కంప్యూటర్ కొన్ననాడు అక్క తన పేరే పెట్టుకుంది, నేను మార్చలేదు. నమస్కారం అని చెప్పి, అక్కను పేరు పెట్టి పిలిచి, నీ పాతదానికి కాలం చెల్లింది, కొత్తదానిలోకి రావడానికి అంతా సిద్ధంగా ఉంది, నువ్వు సిద్ధమేనా అని అడుగుతోంది. కింద రెండు బొత్తాలు. ఎడమవైపుది ఇప్పుడే. కుడివైపుది తర్వాత గుర్తుచేయి. వద్దు అనే బొత్తాం ఎక్కడా లేదు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, సిద్ధమేనా అని అడగడమేంటి? ఒళ్లు మండి కుడివైపుది నొక్కాను.

మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, ఇది మర్యాద తెలిసిన మొండిది, ఇంకా కష్టం. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు ఒకతను ఉన్నాడు. అతన్ని పిలిపించాను.

"కంప్యూటర్‌కు కొత్త అప్‌డేట్ అక్కా అది, చేసేస్కో. ఫ్రీగా ఇస్తాంటే వద్దంటావేంది?" అన్నాడు.

"నా రికార్డులు అందులో తెరుచుకుంటాయా?" అన్నాను.

అతను కాసేపు కెలికి చూసి తల అడ్డంగా ఊపాడు. అక్క వాడిన రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఎప్పుడో మైకు కొన్నప్పుడు దాంతోపాటు సీడీలో వచ్చిందట. అమ్మిన దుకాణం లేదు, సీడీ లేదు. కొత్తదానిలో అది నడవదు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి అతని లాప్‌టాప్‌లో పెట్టి చూశాం. పేర్లు, నంబర్లు అన్నీ వరసగా కనిపించాయి, ఒక్కటీ నోరు విప్పలేదు. ఆ గొంతు బతికి ఉన్నది ఈ ఒక్క పాత పెట్టెలోనే.

"ఫోన్ దగ్గర పెట్టి ఆ గొంతును రికార్డు చేసుకోరాదా అక్కా? రెండు నిమిషాల పని" అన్నాడు పోతూ పోతూ.

"రేపు చేస్తాలే" అన్నాను. ఇక్కడ అబద్ధం రాయను. ఆ మాట అన్నది నేనే.

పోయేముందు అతను దాని నోరు కట్టే దారి కూడా చూపించాడు. ఇంటి నెట్‌ను సెట్టింగుల్లో, ఇది కొలిచి వాడుకునే నెట్, ఎక్కువ వాడితే మా కొంప మునుగుతుంది అన్నట్టు చెప్పాలి. అప్పుడది జాలిపడి పెద్దవేవీ దించుకోకుండా ఊరుకుంటుందట. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చుట్టాలకు చెప్పడం లాంటిదే. నేను ఆ అబద్ధం చెప్పేశాను.

అయినా ఆ మధ్యాహ్నం ఇంకొక్కసారి వచ్చింది. అమ్మ నా వెనకే కూర్చుని ఉంది. నేను పరధ్యానంగా తెర మీద ఉన్నది పైకి చదివేశాను, అక్క పేరుతో సహా.

"ఎవురు పిలిచింది?" అంది అమ్మ.

"ఎవరూ కాదు. ఈ కంప్యూటర్."

"పేరు పెట్టి పిలుస్తాందా?"

"ఊఁ."

"ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజుల నుంచి."

అమ్మ ముఖం మారిపోయింది. "నువ్వేమని చెప్తాండావు దానికి?"

"తర్వాత రమ్మంటున్నా."

"మంచిపని జేసినావు. దాంతో ఎదురు మాట్లాడగూడదు. పొమ్మనగూడదు. రేపు రా అనాల, అంతే."

తన చిన్నప్పుడు రాచర్ల పక్క పల్లెలో ఒక ఏడాది ఇంటింటి తలుపు మీద ఎర్రమన్నుతో ఆ రెండు మాటలూ రాశారట. మనుషుల గొంతుతో పేరు పెట్టి పిలిచేది ఏదో ఊళ్లో తిరుగుతోందని పుకారు. అది వచ్చి తలుపు మీద రాసింది చదువుకుని, సరే రేపు వద్దాం అని పోయేదట. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకునేదట. "దానికి చదువొచ్చు గానీ తెలివి లేదు" అంది అమ్మ. నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. అటక మీది నుంచి ఒక పలక దించింది. ఫ్యాక్టరీలో తాను బిగించినదే, మూల కొంచెం పగిలిందని ఇంటికి తెచ్చుకున్నది. బలపంతో ఒంకరటింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో బెత్తెడు, రేపు రా అని రాసి, తాడు కట్టి తెర పక్కన గోడకు తగిలించింది.

పిలుపు ఆగిపోయింది. నా అబద్ధం వల్ల ఆగిందో, అమ్మ పలక వల్ల ఆగిందో ఇద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు. పలక వల్ల ఇంకో చిక్కు మాత్రం వచ్చింది. కొనకనమిట్ల వైపు నుంచి మనవరాలి పెళ్లికార్డు కోసం వచ్చిన ఒక పెద్దాయన, నేను లోపల నీళ్లు తాగుతుంటే గడపలో నిలబడి పలక చదువుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి, "రమ్మన్నావు గదా పాపా, వచ్చినా" అన్నాడు. కార్డులు నిన్ననే సిద్ధంగా ఉన్నాయని చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆ నవ్వు ఎక్కువరోజులు నిలవలేదు. అమ్మలో ఏదో మారింది. మధ్యాహ్నం వచ్చి కూర్చునేది, నూట పద్నాలుగు వినేది, కానీ "నేనేనమ్మా" అన్నాక అక్క జవాబు కోసం తెర వైపు చూసేది కాదు. పలక వైపు చూసేది. ఒకరోజు, "అది మంచిదో చెడ్డదో మనకేం తెల్సు?" అంది. ఏది అని అడిగితే మాట మార్చింది. ఇంకోరోజు నేను బయటినుంచి వచ్చేసరికి నీలంగా కూడా లేని మామూలు తెర ముందు కూర్చుని, దాంతో ఏదో మెల్లగా చెబుతోంది. నన్ను చూసి ఆపేసింది. ఆ రోజే ఫోన్‌లో రికార్డు చేసి ఉండాల్సింది. శుభలేఖల కాలం, ఊపిరాడని పని, రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఆ వారమే నెట్ కనెక్షన్ పెట్టినతను వచ్చి పాత వైఫై డబ్బా తీసేసి కొత్తది బిగించి పోయాడు. నేను చెప్పిన అబద్ధం పాత డబ్బాకే తెలుసు, కొత్తదానికి తెలియదు. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. మర్నాడు పొద్దున్నే కార్డుల కట్టలు గిద్దలూరులో ఇచ్చి రావాలని రైలెక్కాను. నంద్యాల వైపు కొండలు ఎండకు మసకగా ఉన్నాయి. తిరుగు రైలు ఆలస్యమై ఇంటికి చేరేసరికి మూడయింది.

ముందుగది తలుపు తీసే ఉంది. ఫ్యాను ఆగి ఉంది. అమ్మ నా కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, గుళ్లో హారతి కోసం కూర్చున్నంత ఒద్దికగా. తెర నల్లగా ఉంది. మధ్యలో తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి కింద ఇంగ్లీషులో, మీరు వదిలి వెళ్లినవన్నీ వదిలిన చోటే ఉన్నాయి, కొద్దిసేపు ఆగండి అని ఉంది.

నేను గోడ వైపు చూశాను. పలక అక్కడే వేలాడుతోంది. రేపు అన్న మాట లేదు. అక్కడ తడిగుడ్డతో తుడిచిన మరక ఇంకా పూర్తిగా ఆరలేదు. మిగిలింది ఒక్క అక్షరమే. రా.

"ఏం చేశావమ్మా?" అన్నాను.

"మళ్లీ వచ్చింది మే. పేరు అగపడింది, ఇంగ్లీషులో ఉంటే మాత్రం దాని పేరు నాకు తెల్దా, దాని ఆధార్ కార్డు మీద చూడలా? నువ్వు ఎప్పుడూ కుడిపక్కది నొక్కుతావు గదా. నేను ఎడమపక్కది నొక్కినా."

"ఎందుకు?"

అమ్మ పలక వైపు చూసింది. తర్వాత చిన్నగా, "వచ్చేది అదేనేమో" అంది. "మొదట్లో నాకు తోచలా. అది ఎవుర్నో పిలుస్తాందనుకుంటిమి. పేరు చెప్పుకుంటాందేమో, నేనమ్మా అని. దినామూ ఈడి దాకా వచ్చి, నా రాత చదువుకుని, మల్లుకోని పోతాందేమో. కన్నబిడ్డను రేపు రా అని ఎన్ని దినాలు తిప్పిపంపేది? దాని ఇల్లు గదా ఇది."

నాకు కోపం రాలేదు. ఎక్కడ తడుముకున్నా దొరకలేదు. ఇద్దరం ఆ చుక్కల వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరు ముందు రెప్ప వేస్తారా అన్నట్టు అవి తిరుగుతూనే ఉన్నాయి. కాసేపటికి తెర వెలిగింది. అక్క పేరు పెట్టి స్వాగతం చెప్పింది. అంతా కొత్తగా, శుభ్రంగా, మనుషులు తిరగని ఇంటిలా ఉంది. ఫైళ్లు నిజంగానే వదిలిన చోటే ఉన్నాయి. నూట పద్నాలుగు మీద నొక్కాను. దీన్ని దేనితో తెరవాలో తెలియడం లేదంది. మళ్లీ నొక్కాను. అదే మాట.

"వచ్చిందా?" అంది అమ్మ.

బస్టాండు తమ్ముడు సాయంత్రమే వచ్చాడు. వెనక్కి పోవడానికి దారి ఒకటి ఉంటుందన్నాడు. సగం దూరం పోయాక ఇక వెనక్కి పోలేనని అది ఆగిపోయింది. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్తది తనకు సరిపడదని తీసి పారేసింది. "ఫోన్‌లో పట్టుకోని ఉంటివి గదక్కా?" అన్నాడు. నేను తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో అతనికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మేలనిపించింది. ఆలస్యం అమృతం విషం అని బళ్లో పిల్లల చేత వందసార్లు రాయించినదాన్ని నేను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ అన్నం తిని రాలేదు. అన్నమే తినలేదు. లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మర్నాడూ అంతే. పలకను నేను ముట్టుకోలేదు. మూడో రోజు వీధి మాటు మణిగింది, ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఒక శుభలేఖ ప్రూఫు ముందు పెట్టుకున్నాను. చూసి చూసి అక్షరాలు అలుక్కుపోతుంటే, చెవులకైనా ఆనుతుందేమోనని పైకి చదవడం మొదలుపెట్టాను. "తామెల్లరు విచ్చేసి, కామా, వధూవరులను ఆశీర్వదించి, కామా." అంతలో గడపలో నీడ పడినట్టయింది. తల ఎత్తకుండానే, పని మీద ఉన్న చిరాకుతో, "ఎవురూ?" అన్నాను. జవాబు లేదు. "రేపు రాండి. రేపటికి అయిపోతాది" అన్నాను. ఆ మాటలు నా నోట్లోంచి రావడం విన్నాక తల ఎత్తాను. గడపలో ఎవరూ లేరు.

లోపల మంచం కిర్రుమంది.

అమ్మ పిలిచింది. నన్ను కాదు. అక్క పేరు పెట్టి పిలిచింది. అక్క పోయాక ఆ ఇంట్లో ఎవరూ అలా కేకేసి పిలవని పేరు. నేను పలకలేదు. కొంచెంసేపాగి మళ్లీ పిలిచింది, ఈసారి కాస్త గట్టిగా, చిన్నప్పుడు బడికి పొద్దుపోతోందని పిలిచినట్టు. నేను గోడ మీది పలక వైపు చూశాను. దాని మీద ఆ ఒక్క అక్షరమే ఉంది. అప్పటికీ పలకలేదు.

మూడోసారి పిలిచింది.

"ఆఁ, అమ్మా" అన్నాను.